‘ప్రయారిటైజ్’ అని రాశాను, దేనికంటే ముందో రాయలేదు



పిల్లల డైరీల్లో, ప్రోగ్రెస్ కార్డుల్లో మేము తరచూ వాడే ఇంగ్లిష్ మాట ఒకటి ఉంది: ‘ప్రయారిటైజ్’. దాని అర్థం, వాడుక గురించి ఈ నెల మీతో మాట్లాడాలనుకుంటున్నాను. ఈ మాటే ఎందుకంటే, దీన్ని నేనే సరిగ్గా వాడక ఒక అమ్మాయికి ఇబ్బంది తెచ్చాను.

ఆగస్టులో యూనిట్ టెస్ట్ అయ్యాక ఎనిమిదో తరగతి ప్రోగ్రెస్ కార్డులు రాస్తున్నాను. రిమార్క్స్ గడి చిన్నది, కార్డులేమో నలభై. ఒక అమ్మాయి కార్డులో ‘షుడ్ ప్రయారిటైజ్ ఇంగ్లిష్ రీడింగ్’ అని రాసి సంతకం పెట్టేశాను. తర్వాత పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్లమ్మగారు వచ్చారు. “మీరు రాశారు కదా మేడమ్, ఆ వారమే డ్రాయింగ్ క్లాసు మాన్పించేశాం. వాళ్ల నాన్నగారు రంగుల డబ్బా కూడా అటక మీద పెట్టేశారు” అన్నారు. నేను సంతోషిస్తాననుకుని చెప్పిన మాట అది. అమ్మాయి మాత్రం తల ఎత్తలేదు.

డ్రాయింగ్ గురించి నేను అసలు ఆలోచించనే లేదు. రాత్రి భోజనం అయ్యాక ఫోన్ చేతిలోకి తీసుకునేముందు ఇరవై నిమిషాలు కథల పుస్తకం చదివితే బాగుంటుందన్నదే నా ఉద్దేశం. కానీ నా వాక్యంలో ఫోన్ లేదు, ఇరవై నిమిషాలూ లేవు. వాళ్ల నాన్నగారు డిక్షనరీ చూస్తే ‘ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వడం’ అని ఉందట. అర్థం తప్పేమీ కాదు. మరి ఇంటర్నెట్‌లోనూ డిక్షనరీలోనూ సరిగ్గానే ఉన్న మాట ఇంటికి వెళ్లేసరికి డ్రాయింగ్ క్లాసు ఎందుకు మాన్పించింది? ఆ రోజు నుంచి ఈ మాట గురించి కొంచెం ఎక్కువగానే ఆలోచించాను.

ముందు పుట్టుక చూద్దాం. లాటిన్‌లో ‘ప్రయర్’ అంటే ముందున్నది, మునుపటిది. మన స్కూల్ డైరీ నియమాల్లో ‘వితౌట్ ప్రయర్ పర్మిషన్’ సెలవు పెట్టకూడదని ఉంటుంది చూడండి, అదే మాట. దాని నుంచి వచ్చింది ‘ప్రయారిటీ’. ఇది ఇంగ్లిష్‌లో వందల ఏళ్లుగా ఉంది. మొదట్లో దానికి అర్థం కేవలం కాలంలో ముందుండటమే. ఏది ముఖ్యం అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. అంటే ఈ మాట వేరులో ఉన్నది గొప్పతనం కాదు, వరుస. ఇది గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా తేలిక.

‘ప్రయారిటైజ్’ అనే క్రియ మాత్రం మొన్నమొన్నటిదే. 20వ శతాబ్దం రెండో సగంలో అమెరికా ఆఫీసుల భాష నుంచి, ప్రభుత్వ కాగితాల నుంచి బాగా వ్యాపించింది. ‘ఫైనలైజ్’ లాగే దీన్ని కూడా చాలామంది ఇంగ్లిష్ పండితులు చాలాకాలం ముఖం చిట్లించుకుని చూశారు. నామవాచకానికి ‘ఐజ్’ తగిలించి క్రియ చేసేయడం వాళ్లకు నచ్చలేదు. మనకూ అలాంటి పట్టింపులు ఉన్నాయి లెండి. ‘ప్రాధాన్యం’ అంటే సరిపోతుంది కదా, ‘ప్రాధాన్యత’ అని మళ్లీ ఒక ‘త’ ఎందుకని తెలుగు మేష్టార్లు ఇప్పటికీ అంటారు. పేపర్లు, టీవీలు మాత్రం ఆ ‘త’ని వదలవు.

స్పెల్లింగ్ సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను, ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి. చివర ‘ఎస్’ రాసినా, ‘జెడ్’ రాసినా ఒప్పే. అమెరికాలో జెడ్, బ్రిటిష్ పత్రికల్లో ఎక్కువగా ఎస్. ఒకే వ్యాసంలో ఒకచోట అదీ ఒకచోట ఇదీ రాయకుండా ఉంటే చాలు. పలికేటప్పుడు ‘ప్రై’ మీద కాదు, తర్వాత వచ్చే ‘ఆ’ మీద ఒత్తు పడాలి.

ఇప్పుడు తెలుగుకి వద్దాం. చిక్కు అక్కడే ఉంది.

‘ప్రయారిటైజ్’కి తెలుగులో ఏం చెప్తాం? ప్రాధాన్యం ఇవ్వడం, లేదంటే పెద్దపీట వేయడం. రెండూ మంచి మాటలే. కానీ తెలుగులో ప్రాధాన్యం ఎంతమందికైనా ఇవ్వొచ్చు. ‘అన్ని వర్గాలకూ సమాన ప్రాధాన్యం’ అని మన నాయకులు చెప్తే ఎవరికీ వింతగా అనిపించదు. బడ్జెట్ వచ్చిన మర్నాడు పేపర్ తిరగేయండి. ఒక పేజీలో విద్యకు పెద్దపీట, ఇంకో పేజీలో వ్యవసాయానికి పెద్దపీట, కింద వైద్యానికీ పెద్దపీట. ఇల్లంతా పెద్దపీటలే!

ఇంగ్లిష్ క్రియకు ఆ వెసులుబాటు లేదు. ‘ప్రయారిటైజ్ ఎవ్రీథింగ్’ అంటే ఆ మాట తనను తానే కొట్టేసుకుంటుంది. ఒకటి ముందుకు వచ్చిందంటే ఇంకొకటి వెనక్కి వెళ్లి తీరాలి. ఆ వెనక్కి వెళ్లినదేమిటో చెప్పకపోతే వాక్యం సగమే.

దీనికి సరిగ్గా సరిపోయే వ్యవహారం మన దగ్గరే ఉంది. మీలో డిగ్రీ చదివినవాళ్లు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటు వేసే ఉంటారు. అక్కడ బటన్ నొక్కడం ఉండదు. బ్యాలెట్ కాగితం మీద పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేయాలి. మొదటి ప్రాధాన్య ఓటు, రెండో ప్రాధాన్య ఓటు అని టీవీల్లో లెక్కలు చెప్తుంటారు కదా, అదే. నచ్చినవాళ్లు ఎంతమందైనా ఉండొచ్చు, కానీ 1 అనే అంకె ఒక్కరికే. మొహమాటపడి ఇద్దరి పేర్ల ఎదురుగా 1 వేశారనుకోండి, ఆ ఓటు చెల్లదు. ఇద్దరినీ గౌరవించాననుకుంటాం, చివరికి ఇద్దరికీ ఏమీ దక్కదు. అక్కడ ఇంగ్లిష్‌లో వాడే మాట ‘ప్రిఫరెన్స్’ అయినా, మనం చేసే పని మాత్రం అచ్చంగా ప్రయారిటైజ్ చేయడమే.

పై తరగతుల పిల్లలున్న ఇళ్లలో ఇంకో సందర్భం వస్తుంది. ఇప్పటికీ మనలో చాలామంది ఎంసెట్ అనే పిలిచే ఈఏపీసెట్ తర్వాత వెబ్ ఆప్షన్లు పెట్టాలి. ర్యాంకును బట్టి మన వంతు వస్తుంది. వంతు వచ్చాక మన జాబితాని పైనుంచి చూసుకుంటూ వస్తారు. మన ర్యాంకుకీ కేటగిరీకీ సీటు ఉన్న మొదటి ఆప్షన్ ఏదైతే అది ఇచ్చేస్తారు, దాని కిందివి ఇక చూడరు. తొమ్మిదో నంబర్లో ఉన్న కాలేజీయే మీకు ఎక్కువ ఇష్టమైనా, నాలుగో నంబర్లో సీటు ఉంటే నాలుగోదే వస్తుంది. ‘పైన పెడితే ఎలాగూ రాదు’ అని నచ్చిన కాలేజీని కిందికి దింపేవాళ్లుంటారు. అలా చేయనక్కర్లేదు. అక్కడ సీటు లేకపోతే చూపు దాని కిందిదాని మీదకే వస్తుంది, పోయేదేమీ లేదు. పది కాలేజీలు రాయడం ఒక పని. వాటికి వరుస పెట్టడం వేరే పని. ఆ రెండో పనికే ప్రయారిటైజ్ అని పేరు.

వాక్యంలో ఈ మాట రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, మొత్తం జాబితాకి వరుస పెట్టడం: ‘ప్రయారిటైజ్ యువర్ టాస్క్స్’. అంటే పనులన్నీ ముఖ్యం అని కాదు, ఏది ముందో ఏది తర్వాతో తేల్చుకో అని. మన పేపర్లలో కనిపించే ‘ప్రాధాన్యక్రమం’ అనే మాట దీనికి బాగా దగ్గర. రెండోది, ఒకదాన్ని ఎత్తి మిగతావాటి ముందు పెట్టడం: ‘ది డాక్టర్స్ ప్రయారిటైజ్డ్ ది ఇంజూర్డ్ చిల్డ్రన్’. దెబ్బలు తగిలిన పిల్లల్ని ముందు చూశారు, మిగతావాళ్లు కాసేపు ఆగారు. ఈ రెండో వాడుకలో దేనికంటే ముందు అన్నది చెప్పడానికి ‘ఓవర్’ వాడతాం: ‘షీ ప్రయారిటైజ్డ్ స్లీప్ ఓవర్ టెలివిజన్’. నా రిమార్కులో లేనిది ఆ ‘ఓవర్’ ఒక్కటే.

పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ‘ప్రయారిటైజ్ టు స్టడీస్’ అని రాయడం. ఎందుకు చేస్తారో మనకు తెలుసు. తెలుగులో ‘చదువుకి’ ప్రాధాన్యం ఇస్తాం, ఆ ‘కి’ ఇంగ్లిష్‌లోకి ‘టు’ అయి వచ్చేస్తుంది. ‘గివ్ ప్రయారిటీ టు స్టడీస్’ అన్నప్పుడు ‘టు’ కావాలి. ‘ప్రయారిటైజ్’ వాడితే అక్కర్లేదు, నేరుగా ‘ప్రయారిటైజ్ స్టడీస్’. అలాగే ‘ఐ ప్రయారిటైజ్ టు వేక్ అప్ ఎర్లీ’ కాదు, ‘ఐ ప్రయారిటైజ్ వేకింగ్ అప్ ఎర్లీ’. ఇంట్లో హోమ్‌వర్క్ చూసేటప్పుడు ఈ ‘టు’ ఒక్కటి కొట్టేసినా మాకు బోలెడు ఎర్ర సిరా మిగులుతుంది.

ఇంకోటి, ‘ప్రిఫర్’తో కలిపేయడం. ఇది కొంచెం లోతైన పొరపాటు, పెద్దవాళ్లం కూడా చేస్తాం. ‘ప్రిఫర్’లో ఇష్టం ఉంటుంది. ‘ప్రయారిటైజ్’లో వరుస ఉంటుంది. మీ అబ్బాయికి సోషల్ కంటే సైన్స్ ఇష్టం, అది ప్రిఫర్. రేపు సోషల్ పరీక్ష కాబట్టి ఈ రాత్రికి సైన్స్ పుస్తకం మూసి సోషల్ తీశాడు, అది ప్రయారిటైజ్. అంతమాత్రాన వాడికి సైన్స్ మీద ఇష్టం తగ్గిపోలేదు. ఎల్లుండి మళ్లీ తీస్తాడు. వ్యాకరణంలోనూ తేడా ఉంది: ‘ప్రిఫర్’ తర్వాత ‘టు’ వస్తుంది, ‘ప్రయారిటైజ్’ తర్వాత ‘ఓవర్’ వస్తుంది.

వెనక్కి వెళ్లింది అంటే పోయింది అని కాదు. మా అమ్మాయి విషయంలో జరిగిన అసలు పొరపాటు ఇదేనని నాకు అనిపిస్తుంది. పెళ్లి భోజనాల్లో బంతులు వేసే ఊళ్లు ఇంకా ఉన్నాయి కదా. మొదటి బంతిలో ఎవరిని కూర్చోబెట్టాలో పెళ్లివారిలో ఒక పెద్దాయన చూసుకుంటుంటారు. బస్సు అందుకోవాల్సినవాళ్లు, చిన్నపిల్లలు, షుగర్ ఉన్న తాతగార్లు ముందు. ఇంట్లో మనుషులం, పిన్నులూ బాబాయిలూ మూడో బంతిలో కూర్చుంటాం. దానికి ఎవరూ నొచ్చుకోరు. కానీ మూడో బంతి వాళ్లని భోజనం లేకుండా ఇంటికి పంపేయరు కదా! వరుసలో వెనక కూర్చోబెట్టమంటే, మేము డ్రాయింగ్‌ని పందిట్లోంచే పంపేశాం. నేను మాట సగం రాశాను, మిగతా సగం ఇంట్లో పూర్తి చేసుకున్నారు.

అలాగని అన్నీ మూడో బంతిలోకి తోసేసి, వడ్డన అయిపోయిందని చెప్పడం కూడా కుదరదు. ‘పరీక్షలు అయ్యాక ఆడుకుందువు’ అంటాం. ఈ పరీక్ష అవగానే ఇంకో పరీక్ష వస్తుంది. కాబట్టి ఏది ముందో చెప్పేటప్పుడు ఎప్పటిదాకా ముందో కూడా చెప్పాలి. ‘చదువుని ప్రయారిటైజ్ చెయ్’ అంటే పిల్లలకు అందేది ఒక మందలింపు. ‘ఈ వారం క్రికెట్ కంటే సైన్స్ ప్రాజెక్ట్ ముందు, శుక్రవారం ఇచ్చేశాక నీ ఇష్టం నాన్నా’ అంటే వాడికి చేతిలో పని ఉంటుంది, ముందు శుక్రవారమూ ఉంటుంది.

మా వైపు సంగతి కూడా చెప్పాలి. మీటింగ్ రోజు నేను అడిగాను: డ్రాయింగ్ మాన్పించిన ఆ గంటలో అమ్మాయి ఇంగ్లిష్ చదువుతోందా అని. లేదట, మ్యాథ్స్ ట్యూషన్‌కి వెళ్తోందట. ఎందుకంటే అదే కార్డులో రెండు గళ్లు కింద మ్యాథ్స్ సార్ కూడా ‘షుడ్ ప్రయారిటైజ్ మ్యాథ్స్’ అని రాశారు. కార్డు మొత్తం తిప్పి చూశాను. హిందీ మేడమ్ మాట కూడా దాదాపు అదే. మేము ముగ్గురం ఒకే స్టాఫ్‌రూమ్‌లో పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటాం. ఒకరు రాసింది ఒకరం చూసుకోలేదు. ఒకే బ్యాలెట్ మీద మూడు చోట్ల 1 వేసి ఇంటికి పంపాం.

లెక్క వేసి చూడండి. స్కూల్ బస్సు దిగేసరికి అయిదుంపావు. స్నానం, టిఫిన్ అయ్యేసరికి ఆరు. ఎనిమిదిన్నరకి భోజనం, తొమ్మిదికి మళ్లీ కూర్చుంటే తొమ్మిదీముప్పావుకి కళ్లు మూతలు పడతాయి. మొత్తం మూడుంపావు గంటలు. తెలుగు, హిందీ, ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్, సోషల్. ఆరుగురు టీచర్లం తలా ఒక గంట మాకే ముందు కావాలంటే ఆరు గంటలు అవుతాయి. ఆ మిగతా గంటలు ఎక్కడినుంచి వస్తాయి? నిద్ర నుంచో, ఆట నుంచో, రంగుల డబ్బా నుంచో. మేము రాయని ‘ఓవర్’ని ఇంటి గడియారం పూర్తి చేస్తుంది.

అందుకే ఆ రోజు మీటింగ్‌లో మ్యాథ్స్ సార్‌ని కూడా పిలిచాను. వాళ్లమ్మగారు, అమ్మాయి, మేమిద్దరం ఒక పది నిమిషాలు కూర్చున్నాం. అమ్మాయికి తెల్లకాగితం ఇచ్చి, బస్సు దిగిన దగ్గర్నుంచి పడుకునేదాకా చేసేవన్నీ రాయమన్నాం. పదకొండు వచ్చాయి. తర్వాత వాటి ఎదురుగా అంకెలు వేయమన్నాం, ఒక అంకె ఒక్కసారే అనే నియమంతో. డ్రాయింగ్‌కి 1 వేస్తుందేమోనని నేను అనుకున్నాను. స్నాక్స్‌కి వేసింది. మ్యాథ్స్‌కి 2. కథల పుస్తకానికి 4. డ్రాయింగ్‌కి వేసింది 6, అది కూడా ‘ఆదివారం మాత్రమే’ అని పక్కన చిన్నగా రాసి. ఆఖరి అంకె ఫోన్‌కి పడింది. అది వేసేముందు మాత్రం చాలాసేపు పెన్ను కొరికింది.

వాళ్లమ్మగారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, “ఇలా అయితే మేమే ఒప్పుకునేవాళ్లం కదమ్మా” అన్నారు. “నన్ను ఎవరూ అడగలేదు” అంది అమ్మాయి. ఆ మాట మా ముగ్గురికీ సమానంగానే తగిలింది.

ఇప్పుడు నేను కార్డులు రాయడానికి కొంచెం ఎక్కువ టైమ్ తీసుకుంటున్నాను. ‘ఫోన్ కంటే ముందు 20 నిమిషాలు కథల పుస్తకం, హాఫ్ ఇయర్లీ పరీక్షల దాకా’ అని రాస్తే గడి దాటి పక్కకి వెళ్లిపోతోంది. వెళ్లనివ్వండి. తెలుగులో రాసినా పర్వాలేదని మా ఇంచార్జ్ మేడమ్ కూడా ఒప్పుకున్నారు. వచ్చే కార్డులో ఎవరి రిమార్కులోనైనా ‘ప్రయారిటైజ్’ అని ఉండి దేనికంటే ముందో లేకపోతే, ఏదీ మాన్పించకుండా ముందు డైరీలో ‘దేనికంటే?’ అని ఒక్క మాట రాసి పంపండి. జవాబు రాయాల్సిన బాధ్యత మాది.

రంగుల డబ్బా అటక దిగిందట. రెండు ట్యూబులు గట్టిపడిపోయాయని, మిగతావి బాగానే ఉన్నాయని అమ్మాయి చెప్పింది.